రాగి జావ గ్లాసు 120 రూపాయలా? పాత తిండికి కొత్త రేటు ఎలా వచ్చింది

క్లుప్తంగా: పాతకాలం తిండి మీద ఇప్పుడు పెడుతున్న ఎక్కువ రేటులో సరుకు ఖర్చు చాలాసార్లు చిన్న భాగమే. ఇంట్లో ఆడవాళ్ళు జీతం లేకుండా చేసిన చాకిరీకి ఇప్పుడు కూలి పడుతోంది, కళ్ళముందు తయారవడం వల్ల అప్పట్లో ఊరికే వచ్చిన నమ్మకానికి ఇప్పుడు ఫీజు పడుతోంది. గానుగ నూనె, చిలికిన నెయ్యి లాంటి వాటిలో ఎక్కువ రేటుకి చాలావరకు లెక్క కుదురుతుంది. కేఫ్ జావలో, మిల్లెట్ బిస్కెట్లో అంత తేలిగ్గా కుదరదు. జావ గ్లాసులో రాగి పండించిన రైతుకి చేరేది మాత్రం చాలా తక్కువ.

ముందు గ్లాసు లెక్క చూద్దాం

ఒక గ్లాసు రాగి జావకి పట్టే పిండి 30 నుంచి 40 గ్రాములు. పిండి కిలో 80 రూపాయలు అనుకున్నా మూడు రూపాయల సరుకు, మజ్జిగ, ఉప్పు, రెండు ఉల్లిపాయ ముక్కలు, గ్యాస్ అన్నీ కలిపినా ఇంట్లో పది రూపాయలు దాటదు. అదే జావ ఏసీ కేఫ్‌లో మట్టి ముంతలో పోసి పైన నాలుగు దానిమ్మ గింజలు చల్లితే 120. చూసినవాళ్ళు ఇది పచ్చి దోపిడీ అంటారు, తాగేవాళ్ళు ఆరోగ్యం అంటారు, అసలు సంగతి ఈ రెండు మాటల్లోనూ సగమే దొరుకుతుంది. ఎందుకంటే దోపిడీ అయితే జనం రెండోసారి రారు, ఆరోగ్యమే అయితే ఇంట్లోనే కాచుకుంటారు, పిండి ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతోంది కదా.

కాబట్టి అడగాల్సింది, కొనేవాళ్ళు జావ పేరుతో ఇంకేం కొంటున్నారు అని.

చాకిరీకి ఇన్నాళ్ళకి ధర పడింది

పాత తిండి చవక అనే మాట సగమే నిజం. అది డబ్బులో చవక, ఒంటి కష్టంలో చాలా ఖరీదు. రాగికి పొట్టు వదిలించే బాధ లేదు, తిరగల్లో వేసి విసురుకుంటే చాలు, అందుకే చిరుధాన్యాల్లో రాగి ఇప్పటికీ కాస్త చవగ్గా దొరుకుతుంది. కొర్రలు, సామలు, అరికెలు అలా కాదు, గింజకి గట్టి పొట్టు ఉంటుంది, అరికెకైతే పొర మీద పొర. రోట్లో పోసి రోకలితో దంచి, చేటతో చెరిగి, మళ్ళీ దంచి, మళ్ళీ చెరిగితే పూటకి సరిపడా బియ్యం వచ్చేవి, ఆ పని చేసింది ఇంటి ఆడవాళ్ళు, దానికి ఎవరూ కూలి లెక్క కట్టలేదు. వరి మిల్లు ఊరూరికీ వచ్చింది గానీ చిన్న గింజలకి సరిపోయే మిల్లు చాలా ఏళ్ళు రాలేదు, వడ్లు మిల్లుకి పోతుంటే కొర్రలు రోట్లోనే ఉండిపోయాయి. జనం కొర్రన్నం మానేయడానికి రుచి ఎంత కారణమో, ఈ దంపుడు కూడా అంత కారణం.

ఇప్పుడు ఆ పని మిషన్ చేస్తోంది, అయినా వంద కిలోల కొర్రలు ఆడిస్తే చేతికొచ్చే బియ్యం 60, 70 కిలోలే. పొట్టు పోను, నూకలు పోను, రాళ్ళు ఏరే మిషన్, ప్యాకింగ్, రవాణా అన్నీ ఆ మిగిలిన బియ్యం మీదే పడతాయి. వరి మిల్లుల్లా రోజుకి టన్నులకొద్దీ ఆడించే మిల్లులు ఈ రంగంలో తక్కువ కాబట్టి కిలోకి పడే ఖర్చు కూడా ఎక్కువే.

గానుగ నూనె లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. చెక్క గానుగలో పల్లీ గింజల బరువులో దాదాపు 40 శాతం నూనె వస్తుంది, అంటే లీటరుకి రెండుంపావు, రెండున్నర కిలోల గింజలు కావాలి. గింజలు కిలో 120 అనుకుంటే గింజలకే 270, 300 రూపాయలు. నూనె తీశాక మిగిలిన పల్లీ చెక్క అమ్మితే ఓ యాభై, అరవై వెనక్కొస్తాయి, మళ్ళీ కరెంటు, అద్దె, మనిషి కూలి, సీసా ఉంటాయి. ఈ లెక్కన లీటరు 300, 350కి అమ్మితే అందులో వింతేమీ లేదు. పెద్ద ఫ్యాక్టరీలో గింజని ఎక్స్‌పెల్లర్ అనే మిషన్‌లో ఒకసారి పిండి, మిగిలిన చెక్కలోంచి హెక్సేన్ అనే సాల్వెంట్‌తో ఉన్న నూనె మొత్తం లాగేస్తారు, తర్వాత రిఫైన్ చేస్తారు, గింజలో చుక్క వదలరు కాబట్టి వాళ్ళ లీటరు చవక పడుతుంది. ఇదే లెక్క తిరగేసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది, స్వచ్ఛమైన గానుగ పల్లీ నూనె అని రాసి లీటరు 180కి ఇస్తున్నారంటే అనుమానపడాల్సింది ఆ తక్కువ రేటునే.

నెయ్యి సంగతి కూడా ఇంతే. ఆవుపాలలో వెన్న శాతం నాలుగు, నాలుగున్నర మధ్య ఉంటుంది, తోడేసి చిలికి వెన్న తీసి కాస్తే కిలో నెయ్యికి పాతిక నుంచి ముప్పై లీటర్ల పాలు పడతాయి. పాలు లీటరు 70 వేసుకున్నా రెండు వేల దగ్గర తేలుతుంది. మరి కంపెనీ నెయ్యి 650, 700కి ఎలా వస్తోంది అంటే, డెయిరీ పాలలోంచి వెన్న తీసేశాక మిగిలిన పాలని టోన్డ్ పాలుగా, పాలపొడిగా మంచి రేటుకే అమ్ముకుంటుంది, అంచేత పాల ఖర్చంతా నెయ్యి నెత్తిన పడదు. చిలికిన చోట మిగిలేది మజ్జిగ, దాన్ని ఊళ్ళో ఇప్పటికీ చాలామంది ఊరికే పోస్తారు. ఒకప్పుడు పాలు దాలిలో పిడకల సెగ మీద సాయంత్రం దాకా కాగి, మీగడ కట్టి, రాత్రి తోడుకుని, తెల్లారి కవ్వం కింద పడేవి. ఆ పనికి గంట లెక్కన కూలి కడితే అప్పటి నెయ్యి కూడా ఈ రేటే పలికేది.

ఆత్రేయపురం పూతరేకులో ఈ కూలి లెక్క కంటికి కనిపిస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో రేకు, దాన్ని చిరగకుండా తీయడం మళ్ళీ ఇంకో విద్య. పంచదార, బెల్లం, నెయ్యి అన్నీ బజార్లో దొరికేవే, దొరకంది ఆ చెయ్యి. 2023లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, డ్రైఫ్రూట్ రకాలు, చాక్లెట్ రకాలు కూడా వచ్చాయి. జీడిపప్పు, పిస్తా వేయగానే రేటు పెరగడం మామూలే గానీ, కొనేవాళ్ళకి మాత్రం పెరిగిన రేటు పిస్తా వల్ల అనిపిస్తుంది, రేకు తీసిన మనిషి కూలి వల్ల అని అనిపించదు. ఖరీదైన దినుసు ఒకటి పైన కనిపిస్తే తప్ప కూలికి డబ్బులు ఇవ్వబుద్ధి కాని అలవాటు మన బజారుది.

రుచి చూసినా తేలని సరుకు

టమాట కొనేటప్పుడు నొక్కి చూస్తాం, పుచ్చకాయ తట్టి చూస్తాం. హోటల్లో బిర్యానీ తినే ముందు తెలియదు గానీ తిన్నాక తెలుస్తుంది. మూడో రకం సరుకు ఒకటుంది, కొన్నాక కూడా, తిన్నాక కూడా, ఏడాదిపాటు వాడాక కూడా అది నిజమైనదో కాదో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం. గానుగ నూనెలో పామాయిల్ కలిసిందా, తేనెలో పాకం కలిసిందా, బెల్లంలో రంగు పోగొట్టడానికి ఏం వేశారు, నెయ్యి చిలికిందా మీగడ కాచిందా. ఇవన్నీ ల్యాబ్‌కి పంపితే తప్ప తేలవు, కొన్నైతే ల్యాబ్‌లో కూడా తేలవు, ఎందుకంటే తయారైన పద్ధతిని పరీక్షలో పట్టుకోవడం కష్టం.

పాతరోజుల్లో ఈ ఇబ్బంది లేదు, ఇంటి పల్లీలు గానుగకి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చుని ఆడించుకుని, నూనె డబ్బాలో పోసుకుని, చెక్క గేదెకి తెచ్చుకునేవాళ్ళు. కల్తీ చేసినవాడు మర్నాడు అదే ఊళ్ళో మొహం చూపించాలి. ఆ కాపలా పోయింది, కొనేవాళ్ళు కూకట్‌పల్లిలో, చేసేవాళ్ళు ఎక్కడో, మధ్యలో నలుగురు. అలాంటప్పుడు జనం దేన్ని పట్టుకుంటారంటే కనిపించే గుర్తుల్ని పట్టుకుంటారు. గాజు సీసా, జనపనార సంచి, చేతిరాత లాంటి అక్షరాలు, బామ్మ బొమ్మ, అన్నిటికన్నా పెద్ద గుర్తు రేటు. ఇంత రేటుంది కాబట్టి మంచిదే అయ్యుంటుంది అనుకుంటారు, తక్కువ రేటుకి ఇస్తే అదే సరుకు అమ్ముడుపోదు. అంటే ఇక్కడ రేటు పెంచితే గిరాకీ తగ్గాలనే మామూలు సూత్రం కొంతదూరం వరకు పనిచేయదు.

దీనికి బాగా సరిపోయే ఉదాహరణ ఏ2 నెయ్యి. ఏ1, ఏ2 అనే తేడా పాలలో ఉండే బీటా కేసిన్ అనే ప్రోటీన్‌కి సంబంధించింది, నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే, అందులో ఆ ప్రోటీన్ ఉండేదే లేదు. 2024 ఆగస్టు 21న ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ సరిగ్గా ఇదే చెప్పి, పాలు, పాల ఉత్పత్తుల మీద ఏ1, ఏ2 మాటలు తీసేయమని సూచన ఇచ్చింది. ఐదు రోజులకే, 26న ఆ సూచన వెనక్కి తీసుకుంది, సంబంధించినవాళ్ళతో ఇంకా చర్చిస్తామని. ఆ మాట డబ్బాల మీద ఇప్పటికీ ఉంది. ఇందులో ఇంకో తమాషా, మన గేదెపాలు మొత్తం ఏ2 రకమే, పైగా తెలుగిళ్ళలో తరాలుగా వాడింది ఎక్కువగా గేదె నెయ్యే, ఆ లెక్కన మామూలు ఊరి నెయ్యి మీద కూడా అదే మాట రాసుకోవచ్చు, కానీ ఎవరూ రాయరు. ఇక నెయ్యి డబ్బాల మీద కనిపించే బిలోనా అనే మాట హిందీ, మనకి అది కవ్వంతో చిలకడం. కవ్వం నెయ్యి అని రాస్తే రాని రేటు బిలోనా అంటే వస్తోంది.

తృణం సిరి అయింది

పేరు సంగతి వచ్చింది కాబట్టి, దీని వెనక పెద్ద కథే ఉంది. జొన్న, సజ్జ, కొర్రలని అధికారికంగా ముతక ధాన్యాలు అనేవాళ్ళు, పుస్తకాల్లో తృణధాన్యాలు అనేవాళ్ళు, తృణం అంటే గడ్డిపోచ, తృణప్రాయం అంటే లెక్కలేనిది. తిండి మీద గౌరవం ఏ పాటిదో మాటలోనే ఉంది. వరి అన్నం పండగకి, చుట్టాలొస్తే, మిగతా రోజుల్లో సంకటి, గటక, రొట్టె. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక, పండగ తిండి రోజువారీ తిండి అయింది, దాంతో సంకటి దగ్గర ఆగిపోయినవాళ్ళు వెనకబడినవాళ్ళన్న ముద్ర ఇంకా గట్టిపడింది. ఆ తరం పిల్లలకి రాగి ముద్ద అంటే పేదరికం గుర్తు.

ముద్ర చెరగాలంటే ఒకటి రెండు తరాలు గడవాలి, పేరు కూడా మారాలి, రెండూ జరిగాయి. 2018లో కేంద్రం ముతక ధాన్యాలు అనే పేరు తీసేసి పోషక ధాన్యాలు అని నోటిఫై చేసింది, ఆ ఏడాదిని జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, తర్వాత భారత్ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఈలోగా ప్రొద్దుటూరు నుంచి వెళ్ళి మైసూరులో స్థిరపడిన చిరుధాన్యాల ప్రచారకుడు ఖాదర్ వలీ ప్రసంగాలు తెలుగునాట ఇంటింటికీ చేరాయి, కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అనే ఐదింటికి కన్నడం నుంచి వచ్చిన సిరిధాన్యాలు అనే పేరు స్థిరపడింది, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన చెప్పినవాటిలో వైద్యపరంగా ఏది నిలబడుతుంది అనేది వేరే చర్చ, మార్కెట్ వరకు చూస్తే గడ్డిపోచ సిరి కావడం అనేది రేటు మారడానికి ముందు జరగాల్సిన పని, అది జరిగింది.

చద్దన్నానిది కూడా ఇదే దారి. పెద్దల మాట చద్దన్నం మూట అని సామెత చెప్పుకుంటూనే, చుట్టాల ముందు చద్దన్నం తినడానికి సిగ్గుపడిన ఇళ్ళు బోలెడు. 2021లో మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా అనే టీవీ వంటల పోటీ ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌదరి పాంతా భాత్ వడ్డించింది, అది మన చద్దన్నానికి బెంగాలీ అక్క లాంటిది, దానికి స్మోక్డ్ రైస్ వాటర్ అని పేరు పెట్టింది. బయటివాళ్ళు మెచ్చాక ఇంట్లోవాళ్ళకి విలువ తెలియడం కొత్తేమీ కాదు, పసుపు పాలు టర్మరిక్ లాటే అయినప్పుడు కూడా ఇదే జరిగింది.

పోలిక దేనితో అన్నదాన్ని బట్టి

కేఫ్‌లో కూర్చున్న మనిషి 120 రూపాయల జావని ఇంటి జావతో పోల్చడు. మెనూలో పక్క లైన్లో ఉన్న 180 రూపాయల కాఫీతో, 250 రూపాయల శాండ్‌విచ్‌తో పోలుస్తాడు, అక్కడ జావే చవక. అదే జావ ఉదయం పూట పార్కు గేటు ముందు స్టీలు క్యాన్‌లో పెట్టి అమ్మితే 20, 30 దాటి ఎవరూ ఇవ్వరు, అక్కడ పక్కన ఉండేది టీ. సరుకు ఒకటే, పక్కన ఉన్నది మారింది.

జేబు లెక్క కూడా మారింది. 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణాల్లో మనిషికి నెలకి సగటు ఖర్చు 6,459 రూపాయలు, అందులో బియ్యం, గోధుమ లాంటి ధాన్యాల వాటా 3.64 శాతమే, అంటే సుమారు 235 రూపాయలు. అదే పానీయాలు, ప్రాసెస్ చేసిన తిండి, బయటి తిండి కలిపి 10.64 శాతం. నలుగురున్న ఇంట్లో నెలకి ధాన్యం ఖర్చు వెయ్యి లోపే, అందులో పావు వంతు రెండున్నర రెట్లు రేటున్న కొర్రలకి మార్చుకున్నా అదనంగా పడేది మూడొందల యాభై, ఒక ఆదివారం ఫోన్లో ఆర్డర్ పెట్టుకునే తిండి కన్నా తక్కువ. ధాన్యం ఇంటి బడ్జెట్లో ఇంత చిన్నదైపోయాక దాని రేటు రెట్టింపైనా నొప్పి తెలియదు. ధాన్యమే సగం ఖర్చయిన ఇంట్లో ఈ మార్పు కుదిరేది కాదు.

దీనికి తోడు భయం. 2023లో వచ్చిన, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వారి ఇండియాబ్ అధ్యయనం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అంచనా వేసింది. డాక్టర్ ఫీజు, టెస్టులు, మందుల పక్కన పెట్టి చూసుకునేవాళ్ళకి కిలో 130 రూపాయల కొర్రలు తిండి ఖర్చులా కనిపించవు, మందుల ఖర్చులో తగ్గింపులా కనిపిస్తాయి. ఇక్కడే జాగ్రత్తగా చూడాల్సిన మెలిక ఒకటి ఉంది. బియ్యం తెల్లగా పాలిష్ పట్టినట్టే కొర్రలు, సామలు కూడా బాగా పాలిష్ పట్టి అమ్ముతున్నారు, చూడ్డానికి బాగుంటాయి, తొందరగా ఉడుకుతాయి, నిల్వ ఉంటాయి. పైన తవుడు పొర పోతే పీచూ పోతుంది, ఏ కారణంతో రేటు ఎక్కువ పెట్టారో ఆ కారణమే మిల్లులో రాలిపోతుంది. సజ్జ పిండిదైతే ఇంకో ఇబ్బంది, దాని కొవ్వు వల్ల కొన్ని రోజుల్లోనే చేదెక్కుతుంది, నెలల తరబడి నిల్వ ఉండే ప్యాకెట్ కావాలంటే దానికి వేడి చేయడమో ఇంకోటో చేయాలి, అప్పటికది పాతకాలం పిండి కాదు.

ప్యాకెట్ మీద ఏం రాయొచ్చు

ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్రకటనల నిబంధనల ప్రకారం సంప్రదాయ, సహజ, అసలైన లాంటి మాటలు ఇష్టమొచ్చినట్టు వాడకూడదు, వాటికి షరతులున్నాయి, ఇంట్లో చేసినది అనే భ్రమ కలిగించే మాటలు కూడా కుదరవు. అలాగే పేరులోనో బొమ్మలోనో ఏదైనా దినుసుని గొప్పగా చూపిస్తే అది ఎంత శాతం ఉందో దినుసుల జాబితాలో చెప్పాలి. కాబట్టి మిల్లెట్ బిస్కెట్, మిల్లెట్ నూడుల్స్ ప్యాకెట్ వెనక్కి తిప్పితే విషయం చాలావరకు బయటపడుతుంది, జాబితాలో మొదట ఉన్నదే బరువులో ఎక్కువ, చాలాచోట్ల అది గోధుమపిండో, మైదానో, పంచదారో అయి ఉంటుంది. 2023 అక్టోబర్‌లో జీఎస్టీ మండలి చిరుధాన్యాల పిండి మిశ్రమాలకి పన్ను తగ్గించినప్పుడు కనీసం 70 శాతం చిరుధాన్యం ఉండాలని గీత గీసింది, విడిగా అమ్మితే పన్ను లేదు, లేబుల్ వేసిన ప్యాకెట్‌కి 5 శాతం. బిస్కెట్లకి అలాంటి గీత లేదు.

సముద్రం దాటిన పచ్చడి

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ విషయంలో రేటు లెక్క మరీ విచిత్రంగా ఉంటుంది. ఆవకాయ కిలో రేటు కన్నా దాన్ని అమెరికా పంపే కొరియర్ చార్జీ ఎక్కువ, అయినా పంపుతూనే ఉంటారు, అక్కడి ఇండియన్ స్టోర్లో పచ్చడి సీసాలు వరసగా ఉన్నా సరే. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు అమెరికా ఎత్తేశాక ఇది ఇంకా బరువైంది. ఇక్కడ కొనేది మామిడికాయ ముక్క కాదు, కారం పాళ్ళు, ఫలానా చెయ్యి. దానికి బదులు సరుకు ఉండదు కాబట్టి రేటుకి పైకప్పు కూడా ఉండదు.

రైతు వాటా, క్వినోవా పాఠం

2025-26కి రాగి మద్దతు ధర క్వింటాకి 4,886 రూపాయలు, అంటే కిలో 49. 120 రూపాయల గ్లాసులో పడే 35 గ్రాముల రాగికి ఆ లెక్కన రైతు వాటా రూపాయి డెబ్బై పైసలు. మద్దతు ధర అయినా అందితేనే. అదీగాక కేంద్రం మద్దతు ధరల జాబితాలో చిరుధాన్యాల నుంచి జొన్న, సజ్జ, రాగి మాత్రమే ఉన్నాయి, షాపులో ఎక్కువ రేటు పలికే కొర్ర, సామ, అరికెలకి ఆ జాబితాలో విడిగా ధర లేదు. రేటు అంతా పొట్టు తీసిన తర్వాత, ప్యాకెట్ కట్టిన తర్వాత పుడుతోంది కాబట్టి ఆ రెండు పనులూ ఊళ్ళో జరిగితేనే డబ్బు ఊళ్ళో ఆగుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసిన మహిళా రైతులు ఈ గిరాకీ రాకముందు నుంచే విత్తనం దగ్గర్నుంచి అమ్మకం దాకా తమ చేతుల్లో పెట్టుకోడానికి ప్రయత్నించింది ఇందుకే.

గిరాకీ పెరిగితే రైతుకి మంచిదే కదా అంటే, క్వినోవా అనే గింజ కథ గుర్తు చేసుకోవాలి. అది బొలీవియా, పెరూ కొండల్లో పేదల తిండి, పశ్చిమ దేశాలకి నచ్చాక 2006, 2013 మధ్య అక్కడి రేటు దాదాపు మూడింతలైంది, 2013ని ఐక్యరాజ్యసమితి క్వినోవా సంవత్సరం చేసింది. ఆ రేటు చూసి పెరూ మైదానాల్లోనూ, ఇతర దేశాల్లోనూ సాగు పెంచేశారు, 2014 తర్వాత రేటు కుప్పకూలింది. మొదటి నుంచీ పండించిన కొండ రైతు, మార్కెట్ చూసి దిగిన పెద్ద రైతుతో పోటీ పడాల్సి వచ్చింది. మన చిరుధాన్యాలకి ఇక్కడే పెద్ద తిండి అలవాటు ఉంది కాబట్టి అంత దెబ్బ తగలకపోవచ్చు, కానీ మెట్ట నేలలో పండే పంటని బోరు కింద, ఎరువు వేసి పండిస్తే దిగుబడి పెరిగి రేటు తగ్గే దారి మాత్రం అదే.

రేటు ఎటు పోవచ్చు

కూలి వల్ల పెరిగిన రేటు, నమ్మకం వల్ల పెరిగిన రేటు ఒకేలా తగ్గవు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ లాంటి చోట్ల ప్రాసెసింగ్ టెక్నాలజీ మీద పని జరుగుతోంది, పొట్టు తీసే మిషన్లు చిన్నవై, చవకై ఊళ్ళకి వస్తే కొర్ర బియ్యం రేటు దిగడానికి అవకాశం ఉంది. పూతరేకు దిగదు, ఆ చెయ్యి మిషన్‌కి ఇంకా చిక్కలేదు, నేర్చుకునే పిల్లలు తగ్గితే ఇంకా పెరుగుతుంది.

నమ్మకం ఫీజు ఎంతో కొలవాలంటే మాత్రం పట్నాల్లో కొత్తగా వెలిసిన గానుగ షాపుల దగ్గరికి వెళ్తే చాలు. చాలావాటిలో మిషన్ లోపల పెట్టరు, రోడ్డు మీదికి కనిపించేలా అద్దం వెనక పెడతారు, చూస్తుండగా తిరుగుతుంటుంది. కొన్నిచోట్ల పల్లీలు తెచ్చుకుంటే ఆడించి కూలి మాత్రమే తీసుకుంటారు. రైతుబజార్లోనో హోల్‌సేల్‌లోనో గింజలు కొని, గంటసేపు స్టూలు మీద కూర్చుని, నూనె, చెక్క రెండూ పట్టుకెళ్ళేవాళ్ళకి లీటరు ఎంత పడిందో, అదే షాపులో అరలో ఉన్న సీసా మీద ఎంత రాసుందో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడాలో సీసా, లేబుల్, షాపువాడి లాభం పోను మిగిలేదే ఆ ఫీజు. స్టూలు మీద కూర్చునేవాళ్ళు తక్కువ, సీసా పట్టుకెళ్ళేవాళ్ళు ఎక్కువ.